పాముపిల్లకు ఎంతిల్లు కావాలి?

పెన్సిలంత లావు. జానెడుకు కాస్త ఎక్కువ పొడవు. చుట్ట చుట్టుకుని పడుకుంటే పిడికెడు కూడా ఉండదు. ఇంత బుల్లి పాముపిల్లను చూస్తే ‘దీనికి చెప్పుల డబ్బా చాలదూ!’ అనిపిస్తుంది ఎవరికైనా. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఆ పిల్ల అలాగే ఉండిపోదు. పైగా దానికి కావాల్సిన ఇల్లు ఇవాళ ఒకలా, మూడేళ్ల తర్వాత మరోలా ఉంటుంది!

చిత్తూరు జిల్లా రామకుప్పం చుట్టుపక్కల ఊళ్లలో పాము వింతేమీ కాదు. మల్బరీ తోటలో ఎదురవుతుంది, గడ్డివాములో కదులుతుంది, పశువుల కొట్టంలో ఎలుక వెంట పడుతుంది. నాగులచవితి వస్తే పుట్ట దగ్గర పాలు పోసి దండం పెట్టుకుంటారు. కానీ పామును ఇంట్లో పెట్టుకుని పెంచడం... అది మాత్రం కొత్త. కుప్పంలో రైలెక్కితే బెంగళూరు ఎంతో దూరం కాదు. అక్కడ ఉద్యోగాలు చేసే కుర్రాళ్ల ఫోన్లలో ఆఫ్రికా బాల్ పైథాన్లు, అమెరికా కార్న్ స్నేక్‌లు తెగ కనిపిస్తున్నాయి. వాటిని మెడలో దండలా వేసుకున్న ఫొటోలు చూసి ‘మనం కూడా ఒకటి తెచ్చుకుందామన్నా’ అంటాడు ఇంట్లో తమ్ముడు. ‘పాముకు పాలుపోసి పెంచుతార్రా ఎవరైనా!’ అని కసురుతుంది అవ్వ. పాము పాలు తాగదన్నది వేరే సంగతి. కానీ అవ్వ అడిగినదాంట్లో అసలు ప్రశ్న ఒకటి ఉంది. తెచ్చాక ఎక్కడ పెడతారు? ఎన్నాళ్లు చూసుకుంటారు?

ముందు చట్టం మాట

ఇంటి కొలతలకన్నా ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఇది. పొలంలో దొరికిన పాముపిల్లను డబ్బాలో వేసి పెంచుతామంటే కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని నేరంగా చూస్తుంది. ఆ చట్టాన్ని 2022లో సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ మార్పులు అమల్లోకి వచ్చాయి. నాగుపాము, జెర్రిపోతు, రక్తపింజర, కొండచిలువలు ఇప్పుడు పులీ ఏనుగులతోపాటు మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని పట్టి ఉంచుకుంటే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, పాతికవేలకు తగ్గని జరిమానా పడవచ్చు. ‘విషం లేని పామే కదా, పిల్లాడు ముచ్చటపడ్డాడు’ అంటే చట్టం వినదు.

రెండు తలల పాము సంగతీ అంతే. దానికి నిజంగా రెండు తలలు ఉండవు. మొండిగా, తలలాగే కనిపించే తోక ఉంటుంది. దాన్ని చూపించి ‘ఇంట్లో ఉంటే లక్ష్మి తాండవమాడుతుంది’ అని నమ్మించి లక్షలు గుంజే ముఠాలు ఆంధ్రా, కర్ణాటక సరిహద్దుల్లో పట్టుబడుతూనే ఉన్నాయి. కొన్నవారికి లక్ష్మి రాదు, కేసు వస్తుంది.

మరి విదేశీ పాములు? వాటికీ లెక్కాపత్రం ఉంది. అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం ‘సైటిస్’ జాబితాలో ఉన్న జీవుల్ని పెంచుకునేవారు వివరాలు నమోదు చేయించుకోవాలని కేంద్రం 2024 ఫిబ్రవరిలో నియమాలు తెచ్చింది. ‘పరివేష్’ పోర్టల్ ద్వారా ఈ పని చేయాలి. బాల్ పైథాన్ ఆ జాబితాలో ఉంది. కార్న్ స్నేక్ లేదు. ఏదైనా సరే, ఎక్కడ పుట్టింది, ఎవరి దగ్గర కొన్నారు అన్నదానికి కాగితాలు ఉండాల్సిందే. ‘కాగితాలు తర్వాత పంపిస్తాలే’ అనే అమ్మకందారు ఎదురైతే అక్కడినుంచే వెనక్కి తిరగడం మేలు.

చిన్నదానికి పెద్దిల్లు వద్దా?

ఇక ఇంటి సంగతి. బాల్ పైథాన్‌నే ఉదాహరణగా తీసుకుందాం. పశ్చిమ, మధ్య ఆఫ్రికాల్లో పుట్టిన పాము ఇది. భయమేస్తే తలను మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. అందుకే ఆ పేరు. గుడ్డులోంచి బయటికొచ్చినప్పుడు అడుగూ అడుగున్నర మధ్య ఉంటుంది. పెద్దయ్యాక మూడు నుంచి అయిదడుగులు. ఆడవి పెద్దగా పెరుగుతాయి. బాగా చూసుకుంటే ఇరవై, ముప్ఫై ఏళ్లు బతుకుతుంది.

‘ఎలాగూ నాలుగడుగులు పెరుగుతుంది కదా, మొదటే పెద్ద గాజుపెట్టె కొనేస్తే పోలా?’ అనుకుంటారు చాలామంది. తెచ్చి అందులో వదులుతారు. వారమవుతుంది, రెండు వారాలవుతుంది. పిల్ల ఏమీ తినదు. ఓ మూల ముడుచుకుని ఉంటుంది. లేదంటే రాత్రంతా గోడల వెంట తిరుగుతూ పైకి ఎగబాకుతుంది. రోగమేమోనని కంగారుపడతారు ఇంట్లోవాళ్లు. చాలాసార్లు అది రోగం కాదు, భయం.

ఎందుకంటారా? పాముపిల్ల అడవిలో వేటాడే జంతువే కాదు, వేటకు గురయ్యేది కూడా. గద్ద, ముంగిస, ఉడుము, పెద్ద పాము... అన్నీ దానికి శత్రువులే. బోసిగా ఉన్న నేల మీద నిలబడడమంటే దానికి చావును పిలిచినట్టే. ఆఫ్రికాలో ఈ పాములు పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో దాక్కుంటాయి. ఒంటికి నాలుగువైపులా ఏదో ఒకటి తగులుతుంటేనే వాటికి నిబ్బరం.

అందుకని చిన్నపిల్లకు సుమారు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న పెట్టెతో మొదలుపెట్టడం పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి. అయితే ఇప్పుడు పెంపకందారులు మరో మాట కూడా చెబుతున్నారు. భయపెట్టేది స్థలం కాదు, ఖాళీ. పెట్టె కాస్త పెద్దదైనా ఫర్వాలేదు, దాన్ని నింపాలి. ఆకులు, చెట్టు బెరడు, చిన్న కొమ్మలు, అట్టగొట్టాలు, దాక్కునే గూళ్లు సర్దితే పిల్ల ఒక నీడలోంచి మరో నీడలోకి జారుకుంటూ పెట్టె అంతా తిరుగుతుంది. బోడి పెట్టెలో వణికిన పిల్లే నిండిన పెట్టెలో నిశ్చింతగా తింటుంది.

రెండు కొసలు, రెండు కాలాలు

పాముకు మనలా ఒంట్లో వేడి పుట్టదు. బయటి వేడితోనే తిన్నది అరగాలి, ఒళ్లు కదలాలి. అందుకే పెట్టెలో ఒక కొస వెచ్చగా, మరో కొస చల్లగా ఉండాలి. బాల్ పైథాన్‌కు వెచ్చని కొసన 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, చల్లని కొసన 25 నుంచి 27 డిగ్రీలు చాలు. ఎప్పుడు ఎటు వెళ్లాలో అదే చూసుకుంటుంది. పెట్టెకు కనీస పొడవు ఎందుకు కావాలో ఇప్పుడు అర్థమై ఉంటుంది. చెప్పుల డబ్బాలో రెండు కొసలు ఉండవు. వేడిపెడితే డబ్బా అంతా వేడెక్కుతుంది. తప్పించుకోవడానికి దారి ఉండదు.

దాక్కునే గూళ్లు కూడా రెండు ఉండాలి, కొసకొకటి. ఒకటే ఉంటే ‘వెచ్చగా ఉండాలా, భద్రంగా ఉండాలా’ అన్న పరీక్ష పెట్టినట్టవుతుంది. అది భద్రతనే ఎంచుకుంటుంది. చలికి అరగక తిన్నది కక్కేస్తుంది. గూడు మరీ విశాలంగా ఉండకూడదు. చుట్టుకుని పడుకుంటే ఒళ్లు గోడలకు తగలాలి. బోర్లించిన చిన్న మట్టిమూకుడు అంచుకు పాము దూరేంత సందు చేసి, గరుకు లేకుండా అరగదీస్తే సరిపోతుంది. అంగట్లో ప్లాస్టిక్ గుహ కొనాల్సిన పన్లేదు.

వేడికోసం పెట్టే పలకైనా, బల్బైనా థర్మోస్టాట్ లేకుండా వాడకూడదు. కాలుతున్నా పాము వెంటనే పక్కకు జరగదు. కడుపు కింద చర్మం మాడిపోయాకగానీ ఇంట్లోవాళ్లకు తెలియదు. బల్బు పాముకు అందకుండా జాలీ వెనక ఉండాలి. రామకుప్పం వైపు డిసెంబరు, జనవరి రాత్రులు చలి వణికిస్తుంది. కరెంటు పోతే ఏంచేయాలో ముందే అనుకోవాలి. ఎండాకాలం తిప్పలు వేరు. కిటికీ పక్కన ఎండపడే చోట గాజుపెట్టె ఉంటే మధ్యాహ్నానికి అది పొయ్యే! చలికన్నా ఈ వేడే తొందరగా ప్రాణం తీస్తుంది.

కింద పరవడానికి మొదట్లో పాత వార్తాపత్రికను మించింది లేదు. మురికి వెంటనే కనిపిస్తుంది, తీసి పారేయడం తేలిక. తర్వాత కొబ్బరిపీచు పొడి వాడితే తేమ నిలుస్తుంది. తేమ లేకపోతే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. కళ్ల మీది పొర, తోక చివర మిగిలిపోతాయి. దేవదారు పొట్టు మాత్రం వద్దు. అందులోని నూనెల ఘాటు పాములకు హాని చేస్తుంది. నీళ్ల గిన్నె బరువుగా ఉండాలి, పాము దిగి కూర్చున్నా ఒరిగిపోకూడదు. మూత సంగతి మరీ ముఖ్యం. తల పట్టిన సందులో ఒళ్లు పడుతుంది. గడియ లేని మూతను పాముపిల్ల ముక్కుతో నెట్టేసి బీరువా వెనక్కి చేరిపోతుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

కుబుసంతో కొలవొద్దు

పిల్ల పెరుగుతోంది. ఇల్లు మార్చాల్సిన సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది? కొలిచి చూడాలి. పామును పట్టి లాగి టేపు పెట్టడం తప్పు. వెన్నెముక దెబ్బతింటుంది. అది గోడవారగా సాగి పడుకున్నప్పుడు బయటినుంచి గాజు మీద దారం ఆనించి కొలిస్తే చాలు. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసినా సరే.

విడిచిన కుబుసాన్ని కొలిచి ‘అబ్బో, నాలుగడుగులైంది’ అనుకోవడం మాత్రం పొరపాటు. కుబుసం ఊడేటప్పుడు సాగుతుంది. పాముకన్నా ఎప్పుడూ పొడవుగానే ఉంటుంది. చేనుగట్టున కుబుసం చూసి ‘ఏడడుగుల నాగు తిరుగుతోంది’ అని ఊరంతా హడలిపోయిన సందర్భాల్లో సగం సంగతి ఇదే!

పెట్టె ఎంత ఉండాలన్నదాని మీద పెంపకందారుల ఆలోచన కూడా మారింది. ‘పాము ఎప్పుడూ చుట్టుకునే ఉంటుంది, దాని పొడవంత పెట్టె ఎందుకు’ అన్నది పాత వాదన. కానీ 2019లో వచ్చిన ఒక పరిశోధనలో, కాస్త చోటున్న పెట్టెల్లోని పాముల్ని గంటపాటు గమనించారు. మూడోవంతుకు పైగా పాములు ఆ గంటలోనే ఒళ్లు నిటారుగా చాచుకున్నాయి. చోటుంటే చాచుకుంటాయి, లేకపోతే చుట్టుకుంటాయి. చుట్టుకున్నంత మాత్రాన సుఖంగా ఉన్నట్టు కాదు. అందుకే పాము నిలువునా సాగి పడుకోగలిగినంత చోటు ఉండాలన్నది ఇప్పటి సలహా. పెద్ద బాల్ పైథాన్‌కు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు అయినా ఉండాలి. ఐదడుగుల ఆడపాముకు ఇంకా ఎక్కువే కావాలి. కార్న్ స్నేక్ కొమ్మలెక్కే రకం కాబట్టి ఎత్తు చూసుకోవాలి. కొత్తింట్లోకి మార్చేటప్పుడు పాత గూళ్లను కడక్కుండా అలాగే తీసుకెళ్లి పెట్టాలి. తన వాసన తనకు తగిలితే పాము త్వరగా కుదుటపడుతుంది.

కుండలో పాము

‘మరి పాములవాళ్లు బుట్టలో ఉంచరా?’ అని అడగొచ్చు. ఉంచుతారు. కానీ బుట్టలో పాము ఎన్నాళ్లు బతుకుతుందో ఎవరూ లెక్కపెట్టరు. కోరలు పీకి, నోరు కుట్టి తిప్పిన పాము ఆకలితో, పుండ్లతో చచ్చిపోతుంది. ఇంకోటి పట్టుకొస్తారు.

బుట్టలాంటిదే, కానీ పద్ధతిగా వాడేది చూడాలంటే తమిళనాడు వెళ్లాలి. చెన్నై, మహాబలిపురం మధ్య వడనెమ్మేలిలో ఇరుళ తెగవారి సహకార సంఘం ఉంది. ఒకప్పుడు వాళ్లు పాముతోళ్ల వ్యాపారానికి పాముల్ని పట్టేవారు. 1972 చట్టం తర్వాత ఆ వ్యాపారానికి దారులు మూసుకుపోయాయి. 1978లో సంఘం పెట్టుకుని విషం తీసే పనిలోకి మారారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర... ఈ నాలుగింటి విషంతోనే మన ఆసుపత్రుల్లో వాడే పాముకాటు మందు తయారవుతుంది. పట్టిన పాముల్ని వాళ్లు మట్టికుండల్లో ఉంచుతారు. అడుగున ఇసుక, మూతికి గుడ్డ. లోపల చీకటి, చల్లదనం. పుట్టలో ఉన్నట్టే ఉంటుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ కుండ పాముకు ఇల్లు కాదు, విడిది మాత్రమే. మూడు నాలుగు వారాల్లో నాలుగుసార్లు విషం తీసి, మళ్లీ అదే పామును పట్టకుండా కడుపు పొలుసుల మీద గుర్తు పెట్టి అడవిలో వదిలేస్తారు. తరతరాలుగా పాముతో బతికినవాళ్లే దాన్ని ఇరుకులో నెలకు మించి ఉంచరు. మనం ఇరవై ఏళ్లు ఉంచుతామంటున్నాం. మన లెక్క ఎంత పక్కాగా ఉండాలి!

ఇల్లు చాలకపోతే...

లెక్క తప్పితే ఏమవుతుందో అమెరికాలోని ఫ్లోరిడా చూపించింది. అక్కడ బర్మా కొండచిలువ పిల్లల్ని పెంపుడు జంతువుల దుకాణాల్లో అమ్మేవారు. కొనేటప్పుడు రెండడుగులు. కొన్నేళ్లకే పదడుగులు దాటి పెరుగుతుంటే పెట్టె చాలలేదు, గది చాలలేదు, తిండి పెట్టలేకపోయారు. కొందరు తీసుకెళ్లి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవిలో వదిలేశారు. 1992లో వచ్చిన ఆండ్రూ తుపానుకు పాముల పెంపక కేంద్రం ఒకటి ధ్వంసమై మరికొన్ని తప్పించుకున్నాయని చెబుతారు. 2000 నాటికి అవి అక్కడ పిల్లలు పెట్టి స్థిరపడిపోయాయని శాస్త్రవేత్తలు తేల్చారు. 2012లో వెలువడిన అధ్యయనం ప్రకారం అక్కడ రాత్రిపూట కనిపించే రకూన్లు 99 శాతానికి పైగా తగ్గిపోయాయి. అదే ఏడాది ఆ పాముల దిగుమతిని అమెరికా నిషేధించింది.

వాటిని పట్టడానికి చివరికి ఎవర్ని పిలిచారో తెలుసా? మన ఇరుళవారినే! 2017 జనవరిలో మాసి సదయ్యన్, వడివేల్ గోపాల్ ఫ్లోరిడా వెళ్లారు. రెండు వారాలు తిరక్కముందే పదమూడు కొండచిలువల్ని పట్టించారు. 2023లో వారిద్దరికీ పద్మశ్రీ వచ్చింది. ఎవరో ఇంట్లో పెట్టె చాలక వదిలేసిన పాముకోసం సముద్రాలు దాటి మనవాళ్లు వెళ్లాల్సి వచ్చింది.

రామకుప్పం వాసులకు ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. జంతువుకు చోటు చాలకపోతే ఏమవుతుందో వాళ్లు కళ్లారా చూశారు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చాయి. వాటికోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటైంది. పొలాల మీద పడే ఏనుగుల్ని అడవిలోకి తోలడానికి ఈ మండలంలోని ననియాలలో అటవీశాఖ శిబిరం కూడా పెట్టింది. ఏనుగైనా, పాముపిల్లయినా చోటు గురించిన లెక్క ఒకటే.

పెరట్లో కనిపిస్తే

వానలు మొదలయ్యాక గుడ్లు పగిలి పాముపిల్లలు బయటికొస్తాయి. పశువుల కొట్టంలోనో, నీళ్లతొట్టి పక్కనో కనిపిస్తే పిల్లలు సీసాలో పట్టాలని చూస్తారు. ఆ పని చేయనివ్వొద్దు. నాగుపాము పిల్లకు పుట్టుకతోనే కోరలు, విషం ఉంటాయి. దూరంగా ఉండి దాని దారిన దాన్ని పోనివ్వాలి. ఇంట్లోకి వస్తే అటవీశాఖకుగానీ, తర్ఫీదు ఉన్న పాములు పట్టేవారికిగానీ కబురు చేయాలి. కాటు వేస్తే కోయడం, కట్టు బిగించడం, పసరు పోయడం ఏదీ వద్దు. కాలోచెయ్యో కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంతకీ పెరట్లోని జెర్రిపోతు పిల్లకు ఇల్లెందుకు? చేను ఉంది, గట్టు ఉంది, పుట్ట ఉంది. వెచ్చని కొసా, చల్లని కొసా అక్కడే ఉన్నాయి. కావాల్సినన్ని ఎలుకలున్నాయి. అది అక్కడ ఉంటే మన ధాన్యానికి కాపలా కాస్తుంది, మనం చేసి పెట్టాల్సింది ఏమీ లేదు.

కొనేముందు...

* పెద్దయ్యాక అవసరమయ్యే పెట్టెకు ఇంట్లో చోటుందా? నేల మీద సుద్దముక్కతో నాలుగడుగులు, రెండడుగులు గీసి చూడండి. వారం రోజులు ఆ గీతల్లో ఏమీ పెట్టకుండా ఉండగలరేమో గమనించండి.

* పిల్లాడికి ఇప్పుడు పదేళ్లయితే, పాము బతికి ఉండగానే వాడికి పెళ్లీడొస్తుంది. చదువుకు ఊరు విడిచి వెళ్తే చూసుకునేదెవరు?

* పాము తినేది ఎలుకల్ని. చంపి గడ్డకట్టించిన ఎలుకల్ని ఫ్రిజ్‌లో పెట్టనివ్వడానికి అమ్మ ఒప్పుకుందా?

* పాముల ఒంటి మీద సాల్మొనెల్లా క్రిములు ఉండొచ్చు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాల్సిందే. అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో పాము వద్దు.

* పాములకు వైద్యం తెలిసిన పశువైద్యులు బెంగళూరులాంటి నగరాల్లోనే దొరుకుతారు. అర్ధరాత్రి అవసరమైతే వెళ్లగలరా?

అన్నిటికీ ‘అవును’ అని జవాబొస్తే కాగితాలు సరిచూసుకుని ముందుకెళ్లొచ్చు. ఒక్కదానికి ‘కాదు’ అని వచ్చినా, తమ్ముడికి ఫోనులో వీడియోలు చూపించి ఊరుకోవడమే మంచిది. అవ్వ కూడా సంతోషిస్తుంది.